కళాకారుల సాయంత్రాలు: జమా ఖర్చుల వివరణ

దాతలకు, కార్యకర్తలకు, శ్రోతలకు నమస్కారం. హరికథ, బుర్రకథ, నాదస్వరం, వయొలిన్, నాటక పద్యం: ఈ అయిదింటికీ తలా ఒక సాయంత్రం కేటాయించి, ఆయా కళలకు జీవితాలను ధారపోసిన వారి ఫొటోలతో ప్రదర్శన ఏర్పాటు చేశాం. మీరిచ్చిన డబ్బు ఎలా వచ్చింది, ఎలా ఖర్చయింది అన్నది కింద వివరిస్తున్నాం.

ముందుగా జమ. గత ఏటి నిల్వ 18,450 రూపాయలు. రసీదులపై అందిన వ్యక్తిగత విరాళాలు 2,14,300. వ్యాపారులు, ఉద్యోగ సంఘాల నుంచి 85,000. ప్రాంగణంలో పెట్టిన హుండీలో 31,260. రోజూ కార్యక్రమం ముగియగానే శ్రోతల ఎదుటే లెక్కించాం. బ్యాంకు వడ్డీ 612. మొత్తం జమ 3,49,622 రూపాయలు. ఇస్తామని చెప్పి ఇంకా ఇవ్వని మొత్తాలను ఇందులో కలపలేదు.

ఖర్చులో పెద్ద పద్దు కళాకారుల పారితోషికం, 1,60,000 రూపాయలు. పదహారు మందికి తలా పదివేలు, నేరుగా వారి బ్యాంకు ఖాతాల్లో జమ చేశాం. ప్రధాన కళాకారులకూ పక్కవాద్యాల వారికీ ఒకే మొత్తం ఎందుకని కొందరు దాతలు అడిగారు. బుర్రకథనే తీసుకోండి. కథకుడు తంబురా మీటుతూ, అందెలు మోగిస్తూ కథ నడుపుతాడు. పక్కనుండే ఇద్దరు వంతపాటగాళ్ళలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందుకుంటూ డక్కీలు వాయించకపోతే ఆ కథ నాలుగడుగులు కూడా సాగదు. ముగ్గురి శ్రమతో నిలిచిన కథకు ముగ్గురికీ సమాన ఫలం దక్కాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ తీర్మానాన్ని వచ్చే ఏడూ మార్చబోం.

శాలువాలు, జ్ఞాపికల పద్దు ఈ లెక్కలో లేదు. బీరువా నిండా శాలువాలు పెట్టుకుని పిల్లల ఫీజులకు అప్పు చేసే కళాకారులను మేమందరం ఎరుగుదుం. ఆ డబ్బు వాద్యాల మరమ్మతుకు మళ్ళించాం: 27,900 రూపాయలు. అందులో హార్మోనియం బాగుచేతకు 8,500, రెండు మృదంగాలకు 11,400, నాదస్వరం వారికి సీవాళీలనే రెల్లు పీకలు, డోలుకు కొత్త చర్మాలు కలిపి 8,000. మృదంగం కుడి మొహం మీది నల్లని కరణి పెచ్చులూడితే నాదం చెడిపోతుంది. పాతది గీకేసి, నల్లపొడి కలిపిన ముద్దను పలుచని పూతలుగా వేసి, ప్రతి పూతనూ రాయితో రుద్ది ఆరనివ్వాలి. ఆ పని చేసిన కార్మికుడు అడిగిన కూలి బేరం లేకుండా ఇచ్చాం.

ప్రయాణం, బస, భోజనాలకు 46,380. మైకు, వేదిక, దీపాలు, కుర్చీలకు 52,500. పూల అలంకరణ వద్దనుకున్నాం కాబట్టే ఇది ఇంతలో తేలింది.

ఫొటో ప్రదర్శనకు 16,240 రూపాయలు. దీన్ని ఖర్చుగా కాక పెట్టుబడిగా చూడమని మనవి. విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు, అదే కళాశాలలో వయొలిన్ నేర్పి తర్వాత అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడు, ఆ ఊళ్ళోనే ఇంటింటా మధూకరం ఎత్తి కడుపు నింపుకుంటూ సంగీతం నేర్చిన ఘంటసాల పక్కపక్కనే ఉన్నారు. ఘంటసాల ఫొటో ముందు పిల్లలు ఎక్కువసేపు నిలబడ్డారు. అంతటి గాయకుడు అన్నం కోసం జోలె పట్టాడంటే వారికి నమ్మశక్యం కాలేదు. ఎదుటి వరుసలో ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథను ఊరూరా మోగించిన షేక్ నాజర్, ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరంతో సంగీత కళానిధి బిరుదు పొందిన షేక్ చినమౌలానా, స్త్రీ పాత్రలతో రంగస్థలాన్ని ఏలి 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజానికి ఒక గోడంతా ఇచ్చాం. తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నాటకంలో బతికిన చరిత్ర అంతకంటే తక్కువ చోటులో ఇమడదు.

అనుమతులు, లైసెన్సు రుసుములు 9,800. పాటలకు రుసుమెందుకన్నవారికి సమాధానం: రచయిత మరణం తర్వాత అరవై ఏళ్ళ వరకు రచన మీద హక్కు ఉంటుంది. జంట కవులైన తిరుపతి వేంకట కవుల్లో తర్వాత పోయిన చెళ్ళపిళ్ళ వారు కూడా 1950లోనే గతించారు కనుక వారి నాటక పద్యాలకు ఏమీ కట్టనక్కరలేదు. చివరి సాయంత్రం పాడిన సినిమా పాటలకు మాత్రం కట్టాలి, కట్టాం. కళాకారులను ఆదుకుంటామని చెబుతూ ఇంకో కళాకారుడి హక్కు ఎగ్గొట్టలేం.

కరపత్రాలు, రసీదు పుస్తకాలు, బ్యాంకు ఛార్జీలు 4,370.

మొత్తం ఖర్చు 3,17,190. నిల్వ 32,432 రూపాయలు బ్యాంకు ఖాతాలోనే ఉంది. హరికథ నేర్చుకుంటున్న ఇద్దరు విద్యార్థులు గజ్జెలు, చిరుతలు, శ్రుతిపెట్టె కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఈ నిల్వలోంచి కొనివ్వాలన్న ప్రతిపాదన వచ్చే సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. రసీదులు, ఓచర్లు, బ్యాంకు పుస్తకం కోశాధికారి వద్ద ఉన్నాయి. దాతలెవరైనా చూడవచ్చు. అభ్యంతరాలుంటే సమావేశానికి ముందే రాతపూర్వకంగా ఇవ్వండి, అక్కడే చదివి జవాబు చెబుతాం.

ఇట్లు,
కార్యవర్గం తరఫున కోశాధికారి