పాత కంప్యూటర్లను తుక్కుకు వెయ్యకండి, ల్యాబ్ తాళం తియ్యండి

సంపాదకుడు గారికి నమస్కారం.

2025 అక్టోబరు 14న మన విశాఖ పేరు దేశమంతా మోగింది. ఇక్కడ ఏఐ హబ్ కడతాం, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతాం అని గూగుల్ ప్రకటించింది ఆ రోజే. సరిగ్గా అదే రోజు విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్, అంటే ఉచితంగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు, ఆపేసింది, అది మాత్రం ఊళ్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. నా ఉత్తరం ఈ రెండో సంగతి గురించే, ఎందుకంటే దాని దెబ్బ మన బడుల కంప్యూటర్ ల్యాబుల మీద పడుతోంది.

దాని బదులు విండోస్ 11 వెయ్యాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలి. 2017కి ముందు కొన్న మెషీన్లు దాదాపు అన్నీ దీంతో పక్కకు పోతాయి. ఏడాది పొడిగింపు ఇచ్చారు గానీ అది ఎన్నాళ్లని? నాకు తెలిసిన ఒక బడిలో అప్పుడే కొన్ని సీపీయూలు మెట్ల కిందకు చేరాయి, రేపో మాపో పాత సామాన్లవాడికి కిలోల లెక్కన పోతాయి.

పనికిరాకపోవడమేంటండీ! 4 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకోవచ్చు, హాయిగా నడుస్తుంది, మరీ పాతదైతే ఇంకా తేలికైన లినక్స్ రకం లుబుంటు ఉంది, రెండూ ఉచితం, ఒక పెన్‌డ్రైవ్ చాలు. 1991లో ఫిన్లాండ్‌లో ఒక కాలేజీ కుర్రాడు సరదాకి మొదలెట్టిందే ఈ లినక్స్, ఇవాళ డేటా సెంటర్లలో సర్వర్లు చాలావరకు నడిచేది దాని మీదే. పాత హార్డ్ డిస్క్ తీసి దానికన్నా వేగంగా పనిచేసే చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే ఇంకా చురుగ్గా అవుతుంది. మన ఊళ్లో అదనంగా ఉప్పుగాలి బాధ ఒకటుంది. ర్యామ్ పిన్నుల మీద పొర కట్టి, సిస్టమ్ ఆన్ అవ్వకుండా బీప్ బీప్‌మంటుంది, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గట్టిగా నొక్కితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్చాలి. వీటికి మెకానిక్ ఎందుకు, తొమ్మిదో తరగతి పిల్లలు చేసేస్తారు. కరెంటు డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, దాన్ని మాత్రం విప్పనివ్వకూడదు. ప్లగ్గు పీకినా అందులో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది.

అసలు సమస్య ల్యాబ్ తాళం. పిల్లలు చెప్పులు బయట విప్పి లోపలికెళ్లి, ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురేసి కూర్చుని, సార్ చూపించిన మెనూలు చూసి వచ్చెయ్యడం, ప్రోగ్రాములేమో నోటుబుక్కులో రాసుకుని పరీక్షకు బట్టీ పట్టడం. ఎర్రర్ రావడం, ఎందుకొచ్చిందా అని తల గోక్కోవడం, ఒక లైను మార్చి మళ్లీ రన్ చెయ్యడం, అసలు ఆ భాగమే లేదు.

మా అపార్టుమెంటులో ఎనిమిదో తరగతి పాప ఒకతె పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇంటి కరెంటు బిల్లు లెక్క రాసింది. 30, 75, 125, 225, 400 యూనిట్ల దగ్గర స్లాబు మారుతుంది కదా, ‘ఇలా అయితే ఇది, అలా అయితే అది’ అని చెప్పే ఇఫ్, ఎలిఫ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి లెక్క లేదు. మొదట మొత్తం యూనిట్లకూ పై స్లాబు రేటే వేసేసింది, వచ్చిన బిల్లు చూసి వాళ్ల నాన్నకు టెన్షన్! తర్వాత అసలు బిల్లు పక్కన పెట్టుకుని, ఏ స్లాబులో పడిన యూనిట్లకు ఆ రేటే వెయ్యాలని తనే పట్టుకుంది. ట్రూఅప్ చార్జీలు ఇంకా కలపలేదు, అవి పెద్దవాళ్లకే అర్థం కావు, పాపను ఏమంటాం.

ఇదంతా వాళ్ల మావయ్య ఆఫీసులో తీసేసిన పాత డెస్క్‌టాప్ మీదే. అలాంటి మావయ్య లేని పిల్లల మాటేంటి? కంచరపాలెం, మల్కాపురం, ఆరిలోవ వైపు ఫోను తప్ప ఇంకేం లేని ఇళ్లు ఎన్నో. ఫోనులో వీడియోలు చూడొచ్చు గానీ కుదురుగా కూర్చుని కోడ్ రాయడం కష్టం. వాళ్లకు బడి ల్యాబే దిక్కు, అది బెల్లు కొట్టగానే మూత.

కేరళలో ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి ఉబుంటు అనే లినక్స్ మీద తయారుచేసుకున్న సొంత సిస్టమే వాడుతున్నాయి. 2018లో లిటిల్ కైట్స్ అని హైస్కూలు పిల్లల క్లబ్బులు కూడా పెట్టారు, బడిలో కంప్యూటర్ల బాగోగుల్లో ఆ పిల్లలే సాయం చేస్తారు. మనకూ 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం ఉంది, బడికి 20 లక్షల దాకా ఇస్తారు, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ ప్రయోగాలకు వాడే ఆర్డునో బోర్డులూ త్రీడీ ప్రింటర్లూ వస్తాయి. అవి ఉన్న బడులు శనివారం పూట పక్క బడి పిల్లల్ని కూడా రానిస్తే ఏం పోయింది?

పిల్లలు పాడు చేసేస్తారు అంటారు, నిజమే, చేస్తారు. పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ ఎక్కిస్తే అరగంట పని, అది కూడా వాళ్ల చేతే చేయించండి. గేములాడతారనే భయం నాకైతే లేదు, ఆడేవాళ్లలో ఎవరో ఒకరికి మనమే ఒకటి చేద్దాం అనిపిస్తుంది. ఆఫీసు గదిలో ట్యాలీ, అంటే జమాఖర్చుల సాఫ్ట్‌వేర్, నడిచే సిస్టమ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, దాన్ని విండోస్‌తోనే ఉంచుకోండి.

జిల్లా విద్యాశాఖ వారిని, ప్రైవేటు యాజమాన్యాలను అడిగేదల్లా ఇదే: సపోర్ట్ పోయిందన్న ఒక్క కారణంతో ఏ సిస్టమ్‌నూ వేలం వెయ్యొద్దు, బడి అయ్యాక ఒక గంటా, వేసవి సెలవుల్లో పొద్దున పూటా ల్యాబ్ తెరిచి ఉంచాలి. అందుకోసం ఉండే టీచరుకు అదనపు గంటల డబ్బు ఇవ్వాల్సిందే, ఊరికే చేయమనడం అన్యాయం. లినక్స్ ఎక్కించడానికి మనుషులు లేరంటే మర్రిపాలెం చుట్టుపక్కల ఏ బడికైనా ఆదివారం నేను వస్తాను, తాళంచెవి ఉన్న మనిషి ఒకరు ఉంటే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం