ఫీజు మాఫీ ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

బ్రెజిల్‌లోని జాయిన్‌విల్‌ నగరంలో నడుస్తున్న రష్యాలోని బొల్షోయ్ థియేటరు వాళ్ల బ్యాలే నాట్యం స్కూలు గురించి మీ ఆదివారం సంచికలో వేసిన కథనం చదివాను. 2000 మార్చిలో పెట్టారనీ, రష్యా బయట బొల్షోయ్ పేరున ఉన్న బడి అదొక్కటేననీ, లేని ఇళ్ల పిల్లలను చేర్చుకుంటారనీ రాశారు. బాగుంది. కానీ హెడ్డింగులో ‘ఉచిత శిక్షణ’ అని పెట్టి, అసలు సంగతిని చివరి పేరాలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేర్చుకునే ఎనిమిదేళ్లూ ఆ పిల్లల డ్రెస్సులు, తిండి, రానుపోను ఖర్చు, ఆఖరికి పన్ను నొప్పికి డాక్టరు కూడా బడే చూసుకుంటుందట. నేను విజయవాడ వన్‌టౌన్‌లో కూచిపూడి డ్రెస్సులు కుట్టే మనిషిని. నాకు ఆ ముక్కే ముఖ్యం.

మా ఊళ్లో నాట్యం నేర్చుకోవడానికి ఫీజు అంత అడ్డేమీ కాదు. ఘంటసాల గారి పేరుతో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. లేనివాళ్ల దగ్గర పైసా ముట్టని టీచర్లూ నాకు తెలుసు. పిల్ల స్టేజీ ఎక్కే రోజు దగ్గరపడేసరికి మొదలవుతుంది అసలు లెక్క. పట్టుచీర, కుట్టుకూలి కలిపి రూ.10 వేలకు దిగదు. నగల సెట్టు అద్దె, గజ్జెలు, జడ, మేకప్ మనిషి, అన్నీ వేరే. అరంగేట్రం అయితే పాటగాళ్లకూ మృదంగానికీ ఇచ్చుకోవాలి. ఆ జోలికి నేను పోను.

చీరను కోసే కుట్టాలి. కొంగు ముందువైపు విసనకర్రలా విచ్చుకునే భాగానికి పోతుంది, అంచు కుచ్చిళ్లకు వస్తుంది. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చుంటే మడతలన్నీ ఒక్కసారి తెరుచుకోవాలి, లేస్తే మళ్లీ దగ్గరికి రావాలి. అందుకని మడత మడతకీ ఇస్త్రీ పెట్టి లోపల టాకాలు వేస్తాం. పదేళ్ల పిల్లకైతే నడుము దగ్గరా, పైజమా కిందా రెండేసి అంగుళాలు లోపలికి మడిచి వదులుతాను, ఎదిగే కొద్దీ విప్పుకోవచ్చని.

కృష్ణలంకలో నాలుగిళ్ల పని చేసుకునే ఒకావిడ తన కూతురి డ్రెస్సు అలాగే కుట్టించింది. చీర ఎవరో ఇచ్చారు, కూలి వాయిదాల్లో కట్టింది. తరంగం అనే అంశంలో ఆ పిల్ల ఇత్తడి పళ్లెం మీద నిలబడి కదిలితే తలమీది చెంబు తొణికేది కాదు. రెండుసార్లు విప్పి పెంచాను. మూడోసారి వచ్చినప్పుడు ఆ తల్లి, “అక్కా, ఇంక పెంచొద్దులే, ఎవరన్నా కొంటారేమో చూడు” అంది. తొమ్మిదో తరగతి, సాయంత్రం ట్యూషను, నాట్యం క్లాసు వదిలేసరికి చీకటి, రోజూ ఆటోకి డబ్బులు. పిల్ల మధ్యాహ్నం బళ్లో తిన్న అన్నంతో రాత్రి ఎనిమిదింటిదాకా ఆడాలి. ఆ ఇంట్లో ఫీజు మాటే రాలేదు, టీచరు గారు తీసుకునేవారే కాదు.

క్యూబాలో కార్లోస్ అకోస్టా అని లారీ డ్రైవరు కొడుకు ఉన్నాడు. పిల్లాడు వీధుల్లో తిరిగి చెడిపోకుండా ఉంటాడని, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారని తండ్రి బ్యాలే బళ్లో వేశాడు. వీడికేమో ఫుట్‌బాల్ పిచ్చి, క్లాసులు ఎగ్గొట్టేవాడు. వాడే 1998లో లండన్ రాయల్ బ్యాలేలో చేరి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ తండ్రి కళాభిమాని కాదు. పూట భోజనం లెక్క చూసుకున్న మనిషి. మన తల్లులూ అదే చూస్తారు, తప్పేముంది?

జాయిన్‌విల్‌ వాళ్లది ఇంకో పద్ధతి కూడా నాకు నచ్చింది. పిల్లలు తమంతట తాము రావాలని కూర్చోరు. వేరే ఊళ్లకు వెళ్లి ఎంపికలు పెడతారు. తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లల ఒళ్లు ఎలా వంగుతుంది, తాళం చెవికి ఎక్కుతుందా అని చూస్తారు. ముందే నేర్చుకుని ఉండాలని లేదు. మన దగ్గర కార్పొరేషన్ బడులకు వెళ్లి అలా చూసినవాళ్లు నా ఎరుకలో లేరు. విదేశీ నాట్యంతో మనకేం పని అని కొందరంటారు. వాళ్ల నాట్యం మనకొద్దు, వాళ్ల పద్దుల పుస్తకం తెచ్చుకుందాం.

2016 డిసెంబరులో ఇందిరాగాంధీ స్టేడియంలో ఆరు వేల మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ నెలంతా మా వీధిలో మిషన్లు ఆగలేదు. అప్పటి డ్రెస్సులు ఎన్నో ఇళ్లలో అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి, వాటిని వేసుకున్న పిల్లలకు పెళ్లిళ్లు కూడా అయిపోయాయి. వాటిని అడిగి తీసుకుని, కళాశాలలోనో కార్పొరేషన్ కల్యాణ మండపంలోనో రెండు బీరువాలు పెట్టి, సంతకం పెట్టించుకుని లేని పిల్లలకు ఇవ్వొచ్చు. నగల సెట్లూ అంతే. క్లాసుకు ముందు ఓ ఉప్మా ప్లేటు, ఆడపిల్లలకు ఇంటిదాకా ఓ ఆటో, ఇవి అధికారులో దాతలో చూడాలి. దాతలు ఏడాదికోసారి శాలువా కప్పించుకునే రకం కాకుండా, ఓ పిల్లకు ఎనిమిదేళ్లు మాటిచ్చేవాళ్లు కావాలి.

బీరువాలు వస్తే పాత డ్రెస్సులు విప్పి, కొలతలకు సరిచేసే పని నేను చూసుకుంటాను. ఆదివారాలు షాపు కట్టేసే ఉంటుంది. దారం, హుక్కులు మాత్రం ఎవరైనా కొనిపెట్టాలి.

ఇట్లు,
ఒక నాట్య దుస్తుల టైలరు,
వన్‌టౌన్, విజయవాడ