ఏప్రిల్ లేఖ: సి.ఆర్. రెడ్డి ఏ గ్రూపు తీసుకున్నారు?

తల్లిదండ్రులకు నమస్కారం.

వార్షిక పరీక్షలు ముగింపుకు వచ్చాయి. ప్రగతి పత్రాలు, సెలవుల వివరాలు తరగతి ఉపాధ్యాయులు విడిగా పంపుతారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్లను. ఈ నెల 26వ తేదీకి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే మన ఆంధ్ర విశ్వవిద్యాలయం, పుట్టి నూరేళ్లు నిండుతాయి. విశాఖలో ఉండి ఆ ఊసు ఎత్తకపోతే బాగుండదు.

తొమ్మిదో తరగతి పిల్లలను ఇటీవల వర్సిటీ ప్రాంగణానికి తీసుకువెళ్లాం. సర్ సి.ఆర్. రెడ్డి స్నాతకోత్సవ మందిరం ముందు ఒక అమ్మాయి అడిగింది: "మేడం, వైస్ ఛాన్సలర్ కావాలంటే ఏ గ్రూపు తీసుకోవాలి? ఈయన ఏది తీసుకున్నారు?" పక్కనున్న పిల్లలెవరూ నవ్వలేదు. అందరికీ అది న్యాయమైన ప్రశ్నగానే తోచినట్టుంది. ఇళ్లలో రోజూ ఏ మాట నలుగుతోందో దాన్నిబట్టి నాకు అర్థమైంది. జవాబు చెప్పాలంటే ఆయన కథంతా చెప్పాలి. బస్సులో కొంత చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

సి.ఆర్. రెడ్డి, అంటే కట్టమంచి రామలింగారెడ్డి, 1880 డిసెంబరు 10న చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లో, అక్కడి తెలుగు సమాజం పెట్టిన పోటీ కోసం ఒక కావ్యం రాసి బహుమతి తెచ్చుకున్నారు. అదే 'ముసలమ్మ మరణము'. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడితే ఊరిని కాపాడటానికి ప్రాణమిచ్చిన బసిరెడ్డి చిన్న కోడలి కథ అది. అనంతపురం జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ వయసు కుర్రవాడు రాజులనూ అప్సరసలనూ పక్కనపెట్టి ఒక రైతు ఇంటి కోడలిని కావ్య నాయికను చేశాడంటే, పాఠం అప్పజెప్పే చదువు చదివినవాడు కాడని తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత కేంబ్రిడ్జిలో చరిత్ర చదివారు. అక్కడి విద్యార్థుల చర్చావేదిక కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. తిరిగి వచ్చి బరోడాలోనూ, మైసూరు మహారాజా కళాశాలలోనూ పాఠాలు చెప్పారు. మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడటంలో ఆయన చేయి ఉంది.

ఆయన చేసిన ఉద్యోగాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ ఇన్‌స్పెక్టర్ పదవి. అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలను ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో చేర్చుకోవాలని ఆయన హయాంలో ఉత్తర్వు వెలువడింది. అభ్యంతరాలు రాకపోలేదు. ఉత్తర్వు మీద సంతకం చేయడం ఒక ఎత్తు, ఆ పిల్లవాడిని తరగతి గదిలోకి రానిచ్చి మిగతావారి పక్కన కూర్చోబెట్టడం ఇంకో ఎత్తు. బడి నడిపేవారికి ఆ తేడా బాగా తెలుసు.

ఆ ఉద్యోగం వదిలి మద్రాసు రాజకీయాల్లోకి దిగారు. బ్రాహ్మణేతరుల పక్షాన పుట్టిన జస్టిస్ పార్టీలో చేరి, దాన్ని విమర్శిస్తూ బయటికి వచ్చారు. ఆ ముచ్చట పెద్దగా సాగలేదు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విజయవాడలో మొదలైంది. ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. ఈనాటి ప్రాంగణాన్ని మనసులో పెట్టుకుని ఆ రోజులను ఊహించుకోకండి. అప్పటికి దానికి సొంత తరగతి గదులు లేవు. ఉన్న కళాశాలలకు గుర్తింపు ఇవ్వడం, పరీక్షలు పెట్టడం, పట్టాలు ఇవ్వడం, అంతే. పైగా ముఖ్య కేంద్రం ఏ ఊళ్లో ఉండాలన్న తగవు తెగలేదు. రాయలసీమ కళాశాలలు మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్లిపోయాయి. వైస్ ఛాన్సలర్ సీమవాసి అయినా సీమ నిలవలేదు!

చివరికి 1930లో విశ్వవిద్యాలయం విశాఖలోని వాల్తేరుకు చేరింది. ఇక భవనాలు లేపి, సొంతంగా బోధన మొదలుపెట్టడమే మిగిలింది. పడ్డ పాట్లకు ఫలితం కళ్లజూసే వేళ అది. సరిగ్గా ఆ సంవత్సరమే, శాసనోల్లంఘన ఉద్యమాన్ని ప్రభుత్వం అణచివేస్తున్న తీరుకు నిరసనగా ఆయన రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. విశ్వవిద్యాలయం సొంత బోధన ఆయన కాలంలోనే మొదలైంది. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చి నిలబెట్టారు. రసాయన శాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి, భౌతిక శాస్త్రానికి సూరి భగవంతం వంటి యువకులు చేరారు. 1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవికి వెళ్లారు. ఆ కుర్చీలోకి మళ్లీ రామలింగారెడ్డే వచ్చి 1949 దాకా ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరుకు తరలింది. యుద్ధం ముగిశాకే మళ్లీ వాల్తేరు చేరింది. ప్రయోగశాల సామాను, పుస్తకాలు, విద్యార్థులు అన్నిటినీ వెంటబెట్టుకుని ఊరు మారడమంటే ఏమిటో, బడిని పక్క వీధికి మార్చిన అనుభవం ఉన్నవారిని అడగండి.

ఒక సంగతి దాచకూడదు. 1930లో నిరసనగా పదవి వదిలిన మనిషే 1942లో ఆ ప్రభుత్వం ఇచ్చిన 'సర్' బిరుదు స్వీకరించారు. ఇది తప్పా కాదా అని పిల్లలు బస్సులో గట్టిగానే వాదించుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు. నా మటుకు నాకు ఆ రాజీనామాయే బరువైనదిగా కనిపిస్తుంది.

1949 తర్వాత మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వెళ్లారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

గ్రూపు సంగతి ఆ అమ్మాయికి ఇలా చెప్పాను: చరిత్ర చదివారు, కవిత్వం రాశారు, విమర్శ రాశారు, పాఠాలు చెప్పారు, శాసనమండలిలో వాదించారు, ఎవరూ ఇష్టపడని ఉత్తర్వు తెచ్చారు. "అయితే ఎంపీసీ కాదన్నమాట" అంది. పదో తరగతి తల్లిదండ్రులతో సమావేశంలో గ్రూపుల గురించి వివరంగా మాట్లాడుకుందాం. దయచేసి పిల్లలను కూడా తీసుకురండి. వాళ్లు లేకుండా వాళ్ల చదువు గురించి తీర్మానాలు చేయడం నాకు నచ్చదు.

జూన్‌లో బడి తెరిచాక నూరేళ్ల వర్సిటీ మీద చిన్న ప్రదర్శన పెడుతున్నాం. మీ ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు, నాన్నమ్మలు ఎవరైనా అక్కడ చదివి ఉంటే పాత పట్టా, హాస్టల్ ఫోటో, స్నాతకోత్సవ ఆహ్వానం వంటివి మాకు చూపించండి. అసలు కాగితాలు బడిలో వదలవద్దు. కార్యాలయంలో నకలు తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. గుంటూరులో గడిచిన యుద్ధకాలం నాటివి ఏమైనా ఉంటే నాకే నేరుగా చెప్పండి, నేను మీ ఇంటికి వచ్చి చూస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు