వేసవిలోనూ బడి భోజనం పెట్టాలి

అయ్యా,

ఏప్రిల్ ఆఖర్లో సెలవులిస్తే పిల్లలు గెంతులేస్తారు. మా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో అదే రోజుతో మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు, చిక్కీ కూడా ఆగిపోతాయి. మళ్లీ బడి తెరిచేది జూన్ 12నే. తల్లిదండ్రులు పొద్దున్నే ఉపాధి పనికి పోతారు. కొందరైతే పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి బెంగళూరుకు వలస పోతారు. మధ్యాహ్నానికి ఇంట్లో ఉండేది సద్దన్నమే, అదీ రాత్రి మిగిలితే.

ఇదేమీ కొత్త కోరిక కాదు. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. 2016 కరవులో తెలంగాణలోని కరవు మండలాల్లో పెట్టారు కూడా. వంటగది, గిన్నెలు ఎలాగూ బడిలోనే ఉన్నాయి. చిక్కల్లా వంట చేసే అక్కలకు కేంద్రం ఏడాదికి 10 నెలల గౌరవ వేతనమే లెక్కగట్టడం. మిగతా రెండు నెలలది రాష్ట్రం ఇవ్వాలి. టీచర్లకు డ్యూటీ వేస్తే గొడవవుతుంది (నేనూ టీచర్‌గా చేసినవాణ్ణే, ఆ గొడవలో ఉన్నవాణ్ణే!), కాబట్టి ఆ పని ఊళ్లోని మహిళా సంఘాలకు అప్పగించండి. ఎండ ముదరకముందే, 11 గంటలకల్లా వడ్డిస్తే చాలు. ఎండకు గుడ్లు పాడవుతాయనుకుంటే ఇంకో చిక్కీ ఇవ్వండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా