రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో కూడా చెప్పాలి

సంపాదక మహాశయా,

సింథటిక్ కాగితం మీద ఆల్కహాల్ ఇంకులతో బొమ్మలు వేయడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని, కొన్నేళ్లుగా అదే పనిలో ఉన్నదాన్ని కనుక, ఎంతో సంతోషంగా చదివాను. రంగుల మెరుపును అంత చక్కగా వర్ణించిన ఆ వ్యాసంలో, అవి ఎన్నాళ్లు నిలుస్తాయన్న ప్రస్తావన ఎక్కడా లేకపోవడంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇది పేరుకే కాగితం. నిజానికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పొర. ఇంకును పీల్చుకోదు కనుక రంగు పైపైనే పారుతుంది, ఆల్కహాల్ ఆవిరయ్యే కొద్దీ అంచులకు చేరి సన్నని ముదురు గీతగా నిలిచిపోతుంది. ఆరిన రంగు మీద ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పడితే చాలు, అది మళ్లీ కరిగి పక్కకు జరిగి, నడుమ తెల్లని వలయం విచ్చుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని దృశ్యమది.

అయితే ఈ ఇంకుల్లో చాలావాటిలో ఉండేది పిగ్మెంట్ రేణువులు కావు, ద్రావకంలో పూర్తిగా కరిగిపోయే డై. అంతటి పారదర్శకత దానివల్లే వస్తుంది, వెలుతురు తగిలితే త్వరగా వెలిసిపోవడమూ దానివల్లే. నేను ఒక స్నేహితురాలికి ఇచ్చిన బొమ్మను ఆమె ఎండ పడే కిటికీకి ఎదురుగా తగిలించుకుంది. రెండేళ్ల తర్వాత ఫ్రేము విప్పి చూస్తే, గులాబీ రంగంతా పోయి బూడిదరంగు మరకలు మిగిలాయి. ఫ్రేము అంచు కింద దాగిన సన్నని పట్టీలో మాత్రం మొదటినాటి గులాబీ చెక్కుచెదరలేదు. ఆ సంగతి ముందే చెప్పనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

కుంచెతో వార్నిష్ పూస్తే అందులోని ద్రావకానికి ఇంకు కరిగి అలుక్కుపోవచ్చు. అందుకే ముందుగా స్ప్రే వార్నిష్‌ను పలుచగా, ఒక్కో పూత ఆరనిచ్చి వేసి, ఆపైన అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పూత వేయాలి. అదైనా వెలిసిపోవడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు కనుక, బొమ్మను నేరుగా ఎండ తగలనిచోట ఉంచక తప్పదు.

వ్యాసంతో పాటు వేసిన ఫొటోలో ఒక బాలుడు స్ట్రాతో ఇంకును ఊదుతున్నాడు. ఊదిన ప్రతిసారీ పీల్చేది ఆల్కహాల్ ఆవిరినే. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. స్ట్రాకు బదులు, నొక్కితే గాలి వచ్చే రబ్బరు బంతితో గాలి కొట్టవచ్చు. కిటికీలు తెరిచి ఉంచాలి, దరిదాపుల్లో మంట ఉండకూడదు.

బొమ్మ అమ్మే ప్రతి చిత్రకారుడూ దాని వెనుక, వాడిన ఇంకు డై రకమా పిగ్మెంట్ రకమా, పైన ఏ పూత వేశారు అన్నది రాసి ఇవ్వాలని నా కోరిక. ఈ పద్ధతి గురించి మీరు మళ్లీ ప్రచురించేటప్పుడు రంగు మన్నికకూ, ఆవిరి విషయంలో జాగ్రత్తకూ చోటివ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక చిత్రకారిణి