2025 వార్షిక నివేదిక: మంజూరు, విడుదల, ఖర్చు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది కవి సమ్మేళనం, కార్తీక వనభోజనాలు, పిల్లలకు ఆదివారం తెలుగు తరగతులు అన్నీ ఎప్పట్లాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో చూశారు, జమాఖర్చుల పట్టిక విడిగా పంపిస్తున్నాం. వాటి గురించి ఇక్కడ ఇంతకంటే రాయను, ఎందుకంటే ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సాయంత్రాలు పెట్టింది వేరే పని మీద. కర్ణాటక శాసనసభలో ఎమ్మెల్యేలు, పార్లమెంటులో ఎంపీలు అడిగిన ప్రశ్నలకు మంత్రులు ఇచ్చిన జవాబులు తెచ్చుకుని చదివాం, మన ప్రశ్న కూడా ఒకటి అక్కడిదాకా పంపాం. తెలుగు సంఘానికి ఈ పనెందుకని జనరల్ బాడీలో కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, అందుకే మొదట్నుంచీ చెప్తాను.

మన లేఅవుట్ 2007లో బెంగళూరులో కలిపిన 110 గ్రామాల్లో ఒకదాంట్లో ఉంది. 2024 ఎండాకాలం ఎలా గడిచిందో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు, టాంకర్ కోసం తెల్లవారుజామున లేచి ఫోన్లు చేసిన రోజులవి. ఆ అక్టోబర్ 16న కావేరి తాగునీటి పథకం అయిదో దశ ప్రారంభమైంది, ఈ 110 గ్రామాల కోసమే రోజుకు 775 మిలియన్ లీటర్లు అన్నారు, సంతోషపడ్డాం. మన దగ్గర పైపుల కోసం రోడ్లు తవ్వారు, పైపులు వేశారు, రోడ్లు మాత్రం తిరిగి వేయలేదు. వానాకాలమంతా బురదలోనే పిల్లల్ని స్కూల్ బస్సు దాకా నడిపించాం. రెండు స్కూటర్లు జారిపడ్డాయి, ఒక పెద్దావిడకి మణికట్టు విరిగింది. ఒక ఆఫీసుకెళ్తే ఇంకో ఆఫీసు అన్నారు, అక్కడికెళ్తే ఫైలు పైకి పంపామన్నారు.

ఇదివరకైతే కార్పొరేటర్ ఇంటి ముందు నిలబడేవాళ్లం. నగరపాలక సంస్థలో కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబర్ 10న ముగిసింది, మళ్లీ ఎన్నికలే జరగలేదు. 2025 సెప్టెంబర్ 2 నుంచి ఒక్క కార్పొరేషన్ కాస్తా అయిదైంది, కానీ ఏడాది ముగిసేనాటికి ఆ అయిదింటిలో ఒక్క వార్డుకీ ఎన్నికైన మనిషి లేడు. అంటే వీధి గుంట గురించి కూడా మనం ఓటేసిన వాళ్లలో అడగగలిగేది ఎమ్మెల్యేనే, ఆయన అడగగలిగేది శాసనసభ జరిగే విధానసౌధలో మంత్రినే. మనకి ఈ పని ఇష్టమైనందుకు కాదు, ఇంకో దారి లేనందుకు మొదలుపెట్టాం.

శాసనసభ వెబ్‌సైట్లో జవాబులన్నీ పెడతారు, కన్నడంలో ఉంటాయి. మనలో చాలామందికి కన్నడం మాట్లాడటం వచ్చు, గబగబా చదవడం రాదు. ముళబాగిలు నుంచి వచ్చిన మన మాస్టారు కన్నడ మీడియంలో చదువుకున్నారు, ప్రతి రెండో శనివారం ఆయన పైకి చదివేవారు, మేం తెలుగులో రాసుకునేవాళ్లం. ఎడమవైపు అ, ఆ, ఇ అని ప్రశ్నలు, కుడివైపు వాటికెదురుగా జవాబులు, చివర మంత్రి సంతకం. చుక్కె గురుతిన ప్రశ్నె, అంటే చుక్క గుర్తు పెట్టిన ప్రశ్న అయితే మంత్రి సభలో లేచి నోటితో చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. చుక్క లేనిదైతే కాగితం మీద జవాబుతో సరి. టీవీలో కేకలు, వాకౌట్లు చూసి సభలో ఏమీ జరగదనుకునేవాణ్ణి నేను. ఏ ఊళ్లో ఎన్ని అంగన్‌వాడీలకు సొంత భవనం లేదో, ఏ ఆసుపత్రిలో ఎన్ని డాక్టరు పోస్టులు ఖాళీగా ఉన్నాయో తాలూకాలవారీగా ఆ కాగితాల్లో మంత్రి సంతకంతో ఉంటుందని నాకు ఈ ఏడాదే తెలిసింది.

నాలుగైదు శనివారాలయ్యేసరికి కొన్ని మాటలు దూరం నుంచే గుర్తుపట్టడం వచ్చేసింది. "పరిశీలనెయల్లిదె" అంటే ఇంకా ఎవరూ నిర్ణయం తీసుకోలేదని. "అనుదానద లభ్యతె ఆధరిసి" అంటే డబ్బుంటే చేస్తామని. "నియమానుసార క్రమ" అన్నారంటే తేదీ చెప్పరని. ఇవి అబద్ధాలు కావు, కానీ జవాబులూ కావు. ఇలాంటి మాట వచ్చిన ప్రతిచోటా ప్రశ్న చూస్తే అదీ అలాగే ఉండేది: "అభివృద్ధికి ఏం చర్యలు తీసుకున్నారు?" అని. వదులుగా అడిగితే జవాబూ వదులుగానే వస్తుంది. ఎక్కడ, ఏ సంవత్సరంలో, ఎంత అని అడిగినచోట మంత్రులు అంకెలు ఇచ్చారు, ఇవ్వక తప్పలేదు.

ఆడిట్ శాఖలో రిటైరైన మన సభ్యుడు ఒకరు అప్పుడు మూడు మాటలు బోర్డు మీద రాశారు: మంజూరు, బిడుగడె, వెచ్చ. మంజూరు, విడుదల, ఖర్చు. సభలో, పేపర్లో, ఫ్లెక్సీల మీద కనబడేది ఎక్కువగా మొదటిదే, మన వీధిలో కనబడేది మూడోది. 2025 మార్చి బడ్జెట్లో బెంగళూరుకు ఏటా ఇచ్చే 3,000 కోట్లను 7,000 కోట్లకు పెంచుతున్నామని ప్రకటించారు. మంచిదే. అందులో విడుదలైందెంత, ఖర్చయిందెంత అని అడిగితే తప్ప అది మన రోడ్డు దాకా వచ్చిందో లేదో తెలియదు. ఆయనే 1957 సంగతి కూడా చెప్పారు. ఎల్‌ఐసీ డబ్బు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన వ్యవహారం లోక్‌సభలో ప్రశ్నగానే మొదలైందట, ఎంపీ ఫిరోజ్ గాంధీ పట్టు వదల్లేదు, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మన రోడ్డు అంత పెద్ద విషయం కాదని నవ్వుకున్నాం కానీ ఆ రోజు తర్వాత శనివారాలకు వచ్చేవాళ్లు పెరిగారు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది ఎత్తినహొళె నీటి పథకం మీద. మనలో చాలా కుటుంబాలవి కోలార్, చిక్కబళ్లాపురం జిల్లాలు, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఊళ్లో వెయ్యి అడుగుల బోరు. సకలేశపుర దగ్గర పడమటి కనుమల్లో 24 టీఎంసీల నీళ్లు ఎత్తి తూర్పుకి తెచ్చే పథకానికి 2012లో 8,323 కోట్లతో అనుమతిచ్చారు, 2014లో శంకుస్థాపన చేశారు, ఇప్పుడు అంచనా 23,251 కోట్లకు పెరిగింది. 2024 సెప్టెంబర్ 6న, వినాయక చవితికి ముందురోజు, మొదటి దశ ప్రారంభించారు. 2025 ముగిసినా కోలార్ చెరువులకు ఆ నీళ్లు చేరలేదు. కాగితం మీద మంజూరు మూడింతలకు దగ్గరగా పెరిగింది, నీళ్లు మాత్రం రావాల్సే ఉంది. శ్రీనివాసపురం అక్క ఆ రోజు అన్నమాట నాకు ఇంకా గుర్తుంది: "మా చెరువు నిండింది, కాకపోతే మీరిక్కడ వాడి వదిలేసిన నీళ్లతో." ఆవిడ చెప్పింది కేసీ వ్యాలీ పథకం గురించి, 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి కోలార్ చెరువులకు పంపుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా కావాలని అక్కడి రైతులు అడుగుతూనే ఉన్నారు. చెరువు నిండాక బోర్లలో నీళ్లు పెరిగాయని సంతోషపడ్డవాళ్లూ మనలోనే ఉన్నారు, ఆ నీళ్లతో పండిన టమాటా తినడానికి భయపడేవాళ్లూ ఉన్నారు, ఆ సాయంత్రం వాదన తొమ్మిదిన్నర దాకా నడిచింది. బెంగళూరులో ఉంటున్న మనం ఈ విషయంలో రెండువైపులా ఉన్నాం, అందుకే ఇది తేలిగ్గా వదిలే సంగతి కాదని నా అభిప్రాయం.

ఇక మన ప్రశ్న. మొదట రాసింది రెండు పేజీలు, అంతా కోపమే. లోక్‌సభ నియమాలు తీసి చూస్తే ప్రశ్న మామూలుగా 150 మాటలు దాటకూడదని, వాదనలు, వ్యంగ్యం, నిందలు ఉండకూడదని ఉంది. శాసనసభకూ అదే పద్ధతిలో రాద్దామని అన్నీ కొట్టేశాం. చివరికి మిగిలింది ఇది: (అ) ఫలానా లేఅవుట్లో పైపుల కోసం తవ్విన రోడ్ల పొడవెంత, (ఆ) వాటిని తిరిగి వేయడానికి మంజూరైంది, విడుదలైంది, ఖర్చయింది ఎంతెంత, (ఇ) ఏ తేదీలోగా పూర్తి చేస్తారు. ఎమ్మెల్యే ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్లాం. ఆగస్టు సమావేశాల్లో చుక్క లేని ప్రశ్నగా వెళ్లింది, రాతపూర్వకంగా జవాబొచ్చింది.

మాస్టారు చదువుతుంటే హాల్లో చప్పుడు లేదు. రోడ్ల పొడవు ఇచ్చారు, మన కుర్రాళ్లు టేపుతో కొలిచినదానికంటే తక్కువ. మంజూరు అంకె ఉంది, విడుదల అందులో కొంత. ఖర్చు దగ్గర ఒక చిన్న గీత, అంతే. తేదీ అడిగినచోట "మళె ముగిద నంతర", వానలు తగ్గాక. కొందరు నిరాశపడ్డారు. నాకైతే ఆ గీత చూడగానే పట్టు దొరికిందనిపించింది, ఎందుకంటే డబ్బు రాలేదని అప్పటిదాకా మాకు చెప్తూ వచ్చినవాళ్ల ముందు, డబ్బు వచ్చిందని, ఖర్చు పెట్టలేదని మంత్రి సంతకమున్న కాగితం పెట్టొచ్చు. పెట్టాం. నవంబర్లో రెండు క్రాస్ రోడ్లు వేశారు, మూడు మిగిలాయి. పొడవులో తేడా గురించి కొలతలతో మళ్లీ రాసిచ్చాం, దానికి జవాబు రాలేదు.

అన్నీ ఫలించలేదు. డిసెంబర్ బెళగావి సమావేశాలకు పంపిన రెండో ప్రశ్న, ప్రభుత్వ బడిలో టీచర్ల ఖాళీల గురించి, జాబితాలోకే రాలేదు. మేం ఆలస్యంగా ఇచ్చాం, తప్పు మాదే. సబర్బన్ రైలు మీద ఎంపీ ఆఫీసుకి ఇచ్చిన ముసాయిదా సంగతీ ఏమీ తెలియలేదు. 148 కిలోమీటర్లు, 15,767 కోట్ల పథకం అది, 2022 జూన్‌లో శంకుస్థాపన చేసినప్పుడు 40 నెలలన్నారు, ఆ 40 నెలలు 2025 అక్టోబర్‌తో అయిపోయాయి. లోక్‌సభలో రోజుకు నోటి జవాబుకి తీసుకునేవి 20 ప్రశ్నలే, అవీ లాటరీలో తేలతాయి, రాతపూర్వక జవాబులకు 230, అందుకని ఒక్క ఎంపీనే నమ్ముకోకుండా ఇద్దరు ముగ్గురికి ఇవ్వాలని తర్వాత అర్థమైంది.

అనంతపురం, చిత్తూరు సభ్యులు ఆంధ్రా శాసనసభ జవాబులు కూడా చదవాలంటున్నారు. అవి తెలుగులోనే దొరికితే మనకు సులువు, కానీ అక్కడ అడిగించడానికి మనకు ఓటుండాలి, చాలామందికి ఇప్పుడు ఓటు ఇక్కడే. కార్యవర్గంలో ఇది తేలలేదు, సర్వసభ్య సమావేశంలో మీరే చెప్పండి.

మంత్రి సభలో "చేస్తాం" అంటే అది హామీల సమితి లెక్కలోకి వెళ్తుంది. లోక్‌సభలో అలాంటి సమితి 1953 నుంచి ఉంది, మూడు నెలల్లో హామీ నెరవేర్చాలి, లేదా గడువు అడగాలి. కర్ణాటక సభల్లోనూ భరవసె (హామీల) సమితులున్నాయి. "వానలు తగ్గాక" అన్న మాటను అక్కడికి ఎలా తీసుకెళ్లాలో ఎమ్మెల్యే ఆఫీసులో కనుక్కుంటున్నాం, మిగిలిన మూడు క్రాస్ రోడ్ల ఫొటోలు తేదీలతో సహా దాచిపెట్టండి.

శనివారాలు ఇకమీదట కూడా సాయంత్రం ఆరింటికే, పైహాల్లో. మాస్టారి కంటికి ఆపరేషన్ ఉంది కాబట్టి రెండు నెలలు రాలేరు. కన్నడం గబగబా చదవగలిగేవాళ్లు ఇద్దరు కావాలి, బడిలో కన్నడం చదువుకుంటున్న మన పిల్లలైనా పర్వాలేదు, పేరు నాకు చెప్పండి.

కార్యదర్శి