మా అన్నయ్య, మీ తమ్ముడు, పదహారు ప్రశ్నలు

ఒరే మహానుభావా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాసి, అడగాల్సిన మాటను చివరి రెండు వాక్యాల్లో దాచావు. తమ్ముడిది స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు అవునో కాదో తేల్చే పరీక్ష ఉందా అని. పైగా ఇంటర్నెట్‌లో పదహారు ప్రశ్నలు దొరికితే వాడి బదులు నువ్వే జవాబులు పెట్టావట, తొమ్మిది 'అవును'లు వచ్చాయట! వాడి మనసులో ఏముందో నీకెలా తెలిసిందిరా? ఆ ప్రశ్నలు ఎవరికి వారు జవాబు చెప్పుకోవాల్సినవి. ఆరు 'అవును'లో అంతకు మించో వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, నిపుణుడి చేత వివరంగా చూపించుకోమని అర్థం. దిగులు, ఆందోళన, వరుసగా నిద్ర లేని రాత్రులు, గంజాయి, వీటిలో ఏదున్నా ఆ అంకె పెరుగుతుంది. నాన్న పోయిన కొత్తలో పక్క గదిలోంచి ఆయన దగ్గు నాకు రెండుసార్లు స్పష్టంగా వినిపించింది. ఆ వారం నేను కూర్చుని ఆ కాగితం నింపి ఉంటే నాకూ నాలుగైదు వచ్చేవేమో. జల్లెడ పని జల్లించడమే, తీర్పు చెప్పడం దాని పని కాదు.

అసలు పరీక్ష సంగతికొస్తే, ఈ జబ్బును రుజువు చేసే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. మా అన్నయ్యకు అన్నీ చేయించాం. థైరాయిడ్, బి12, మూత్రంలో మత్తుమందుల ఆనవాళ్లు, మెదడు స్కానింగ్, మూర్ఛ ఉందేమోనని ఈఈజీ. అన్నీ బాగానే ఉన్నాయనగానే అమ్మ ముఖం వెలిగిపోయింది, "చూశావా, వాడికేమీ లేదు" అని. ఆమెకు నిజం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అవి స్కిజోఫ్రెనియాను పట్టుకోవడానికి చేసేవి కావు, అలాగే కనిపించే వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికి చేసేవి. శరీరంలోని రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే ఒక రకం వాపును డాక్టర్లు 2007లో గుర్తించారు. అచ్చం మతి తప్పినట్టే మొదలవుతుంది, మందులు మాత్రం పూర్తిగా వేరు. కాబట్టి ఆ పరీక్షలు దండగ అనుకోకు.

మేము మొదట వెళ్లిన డాక్టరు పది నిమిషాల్లో జబ్బు పేరు రాసిచ్చాడు. అన్నయ్య ముఖంలోకి ఒక్కసారైనా చూసిన గుర్తు లేదు. రెండో ఆవిడ గంటన్నర కూర్చుంది. చాలాసేపు నిద్ర గురించి, ఉద్యోగం గురించి అడిగి, తర్వాత మామూలుగా, "టీవీలో మీ గురించి ఏమైనా చెబుతున్నట్టు అనిపిస్తోందా?" అంది. నాలుగు నెలలుగా మాతో సరిగ్గా మాట్లాడని మనిషి, ఎదురుచూస్తున్న ప్రశ్న వచ్చినట్టు నిటారుగా కూర్చున్నాడు. వార్తలు చదివే ఆమె కాగితం తిప్పిందంటే అది తనకు సైగ అట. ఇంట్లో టీవీని గోడ వైపు తిప్పేస్తుంటే తలనొప్పి అనుకున్నాం మేము!

ఆ తర్వాత ఆవిడ మా వైపు తిరిగింది. ఎప్పటి నుంచి? స్నేహితులను కలవడం ఎప్పుడు మానేశాడు? ఎవరూ చెప్పకుండా తనంతట తాను స్నానం చేసింది ఆఖరుసారి ఎప్పుడు? నేను నీళ్లు నమిలాను. అమ్మ మాత్రం సంచిలోంచి ఇంటి లెక్కల పుస్తకం తీసింది. ఖర్చుల పక్కన చిన్న అక్షరాలతో 'ఈ రోజు భోజనానికి రాలేదు', 'రాత్రంతా పచార్లు', 'గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు' అని తేదీలతో సహా ఉంది. వెనక్కి లెక్కపెడితే పదకొండు నెలలు. లక్షల ఖరీదు యంత్రం చెప్పలేనిది ఆ పుస్తకం చెప్పింది.

తేదీలకు అంత విలువ ఎందుకంటే, ఈ జబ్బు నిర్వచనంలోనే కాలం ఉంది. అమెరికా డాక్టర్లు 2013 నుంచి వాడుతున్న పుస్తకం ప్రకారం భ్రమలు, లేనివి వినపడటం లేదా కనపడటం, పొంతన లేని మాటలు, అస్తవ్యస్తమైన ప్రవర్తన, అన్నిటి మీదా ఆసక్తి చచ్చిపోవడం అనే ఐదింటిలో కనీసం రెండు, నెల రోజుల పాటు ఉండాలి. ఆ రెండిట్లో ఒకటి మొదటి మూడింటిలోదై ఉండాలి. జబ్బు ఛాయలు మొత్తం మీద ఆరు నెలలైనా సాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకానికి నెల చాలు. అంటే ఐదో నెలలో ఉన్న మనిషికి ఒక పుస్తకం ప్రకారం ఈ జబ్బు ఉంది, ఇంకో పుస్తకం ప్రకారం ఇంకా లేదు! మొదట్లో నాకు ఒళ్లు మండింది. మా రెండో డాక్టరమ్మ మాత్రం తొలిరోజు 'సైకోసిస్', అంటే నిజానికీ భ్రమకూ తేడా తెలియని స్థితి, అని మాత్రమే రాసి, మందులు మొదలుపెట్టి, అసలు పేరు మరో నాలుగు నెలలకు గానీ చెప్పలేదు. పేరు తేలే వరకు మందులు మొదలుపెట్టకుండా ఆగాల్సిన పని లేదన్నమాట.

ఇంకోటి, దయచేసి మీ బాబాయి చెప్పిన 'ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు' కథ నమ్మకు. 1908లో బ్లాయిలర్ అనే స్విస్ డాక్టరు పెట్టిన ఈ పేరుకు 'చీలిన మనసు' అని అర్థం రావడంతో పుట్టిన గందరగోళం అది. జపాన్ వాళ్లు 2002లో తమ భాషలో ఈ జబ్బు పేరే మార్చేసుకున్నారు.

ఇక నువ్వు చేయాల్సింది. వాడితో వాదించకు, "అదంతా నీ భ్రమ" అనకు. తనకు జబ్బు ఉందని తెలియకపోవడం కూడా చాలామందిలో ఈ జబ్బులో భాగమే. ఒక పుస్తకం పెట్టి తేదీలతో రాయి, నీ అభిప్రాయాలు కాకుండా నువ్వు చూసినవి, విన్నవి మాత్రమే. చచ్చిపొమ్మనో, ఎవరినైనా కొట్టమనో గొంతులు చెబుతున్నాయని వాడు అన్నాడా, అపాయింట్‌మెంటు కోసం చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లు.

నీ ఉత్తరం అన్నయ్యకు చదివి వినిపించాను, కోప్పడకు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "టీవీ సంగతి, గొంతుల సంగతి ఇప్పుడే అడగొద్దని చెప్పు. నిద్ర పడుతోందా అని అడగమను. నన్ను అలా అడిగారనే ఆ రోజు మీతో బయల్దేరాను" అన్నాడు.

నీ
పాత బెంచీవాడు